ఆరింటికే చీకటిపడే దేశం

స్పానిష్ ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. మాది సిరిసిల్ల. బాపు మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. హైదరాబాద్‌లో డిగ్రీకి దరఖాస్తు పెట్టుకుంటే ఇంగ్లిషులో సీటు రాలేదు, స్పానిష్‌లో వచ్చింది. చేరిపోయాను.

నా స్నేహితురాలి సంగతి వేరు. తనది కోరుట్ల. నాన్న దర్జీ. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నది. పెళ్లి చేస్తే కాన్పు తట్టుకోలేదని డాక్టర్లు చెప్పారట. హాస్టల్లో పరిచయమైన కొత్తలోనే ఆ మాట తనే చెప్పింది, నవ్వుతూ.

"పెండ్లి లేదన్నంక ఇంక సదువే గద. మా అబ్బా నీకిష్టమున్నది సదువుకో బేటా అన్నడు. మా గల్లీల ఎవ్వరు సదవనిది ఏందా అని చూసి గిది దీస్కున్న."

నాకు గొంతులోంచి రాని శబ్దాలు తనకు సులువుగా వచ్చేవి. సబ్బును స్పానిష్‌లో 'ఖాబోన్' అంటారని టీచర్ చెబితే, "గది మా సాబూనే" అనేది. చక్కెర, నారింజ, చొక్కా... అన్నీ వాళ్లింటి మాటలే ఏవో దూరం పోయి వచ్చినట్టు గుర్తుపట్టేది.

మా చదువు చివరికొచ్చేసరికి తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది. మెస్సులు మూతపడ్డాయి, హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. నేను జగిత్యాలలో మా చిన్నమ్మ ఇంటికి చేరాను, ఆ ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు బాగా ఉండేవి కనుక. తను కోరుట్లకు వెళ్లిపోయింది. అప్పుడే హైదరాబాద్‌లోని ఒక చిన్న ఆఫీసు మా ఇద్దరికీ పని ఇచ్చింది. స్పెయిన్ నుంచి చదువుకోడానికి కోస్టారికా వెళ్లే విద్యార్థుల కోసం, ఆ దేశం గురించి అవసరమైన సంగతులన్నీ స్పానిష్‌లో రాయాలి. మేమిద్దరం అప్పటికి తిరుపతి కూడా చూసినవాళ్లం కాదు.

తను రోజూ పొద్దున బస్సులో కోరుట్ల నుంచి వచ్చేది. ఇంటర్నెట్ సెంటర్ మేడమీద. మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, ఊపిరి అందాక మళ్లీ ఎక్కేది. నేను చెయ్యి ఇస్తే తీసుకునేది కాదు.

వెతికి తెలుసుకున్నవన్నీ రాసుకుంటూ పోయాం. అక్కడి కరెంటు స్పెయిన్ కరెంటు కాదు, ప్లగ్గు పిన్నులు బద్దల్లా ఉంటాయి, అడాప్టర్ వెంట తెచ్చుకోవాలి. రాజధానిలో బస్టాండు ఒక్కచోట ఉండదు, ఏ ఊరి బస్సుకు ఆ వీధి. ఎండాకాలం డిసెంబరులో మొదలవుతుంది. నల్లా నీళ్లు చాలాచోట్ల తాగొచ్చు. ఇది చదివి తను చాలాసేపు నమ్మలేదు. ఇంకోటి, అక్కడ స్నేహితుల్ని, పిల్లల్ని కూడా 'మీరు' అని పిలుస్తారు. స్పెయిన్ పిల్లలకు అది దూరం పెట్టినట్టు అనిపించొచ్చు, కాదని చెప్పాలి.

"దూరమేంది? మా అబ్బా నన్ను ఆప్ అంటడు. కోపమొస్తెనే తూ" అంది తను.

"మా బాపును నేనే నువ్వంట" అన్నాను.

"అయితే నువ్వు ఆడ బతుకవు" అని నవ్వింది.

ఒక్క విషయంలో మాత్రం వాదన పెట్టుకుంది. కోస్టారికాలో ఏడాది పొడుగునా సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది. నేను దాన్ని వాతావరణం భాగంలో చివర రాశాను. తను ఒప్పుకోలేదు.

"గది పైన రాయి. ఆళ్ల ఊర్ల ఎండకాలంల తొమ్మిదైనా ఎల్తురుంటది. కొత్త దేశంల దిగంగనే చీకటైతే ఆడపిల్లకు ఎట్లుంటదో ఎర్కేనా నీకు? నేను రోజు ఆఖరి బస్సు దిగుత, నాకెర్క."

పైనే రాశాం.

మధ్యాహ్నం అన్నానికి చిన్నమ్మ ఇంటికి వచ్చేవాళ్లం. చిన్నమ్మ భర్త, మా చిన్నబాపు, సర్కారు బడిలో సారు. సమ్మె మొదలవుతుందనే మాటలు ఇంట్లో రోజూ ఉండేవి. ఒకరోజు ఆయన కంచం ముందు కూర్చుని, "మీరు రాసే దేశం ఎంతుంటది?" అని అడిగాడు.

"మన తెలంగాణల సగం గూడ ఉండదు చిన్నబాపు" అంది తను. నన్ను చూసి ఆయన్ని అలాగే పిలిచేది. "ఫౌజు గూడ లేదు."

"ఫౌజు లేకుంట దేశమెట్ల నడుస్తది?"

"ఫౌజుకు పెట్టే పైసలు బడులకు, దవాఖాన్లకు పెడ్తరంట."

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఆ సాయంత్రం దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని, "చిన్న రాష్ట్రం బతుకదంటున్నరు, మనల సగం లేని దేశం ఫౌజు లేకుంట బతుకుతలేదా?" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దేశం పేరు మాత్రం తప్పు చెప్పాడు. రోడ్డు అవతల నిలబడి మేం నవ్వు ఆపుకోలేకపోయాం. తను దుపట్టా నోట్లో కుక్కుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తను అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఒకరోజు జనంతో కిక్కిరిసిన జీపులో నిలబడి వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "ఇంక రాకు, ఫోన్ల చేస్కుందాం" అని గట్టిగా చెప్పాను. బొగ్గు గనులవాళ్లు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపు మాట్లాడుకునేవాళ్లం. వెనక వాళ్ల నాన్న కుట్టు మిషన్ చప్పుడు వినిపించేది. ర్యాలీలకు జెండాలు కుడుతున్నాడని చెప్పింది.

ఆరోగ్యం భాగం తనే రాస్తానంది. ఎక్కడ ఆసుపత్రి ఉంటుంది, అర్జెంటైతే ఏ నంబరు కొట్టాలి, మందుల చీటీ వెంట ఎందుకు ఉంచుకోవాలి. రాసినంతవరకు ఫోన్లో చదివి వినిపిస్తే నేను రాసుకున్నాను. మధ్యలో దగ్గు వచ్చింది.

"జొరమా?" అన్నాను.

"కొద్దిగ. తగ్గుతది."

తగ్గలేదు. ఆ జ్వరం గుండెకు పట్టిందని తర్వాత తెలిసింది. కారు మాట్లాడుకుని కరీంనగర్ తీసుకుపోయారు. దారిలో ఎవరూ ఆపలేదు, దవాఖానలో కూడా వెంటనే చూశారు. అయినా ప్రాణం నిలబడలేదు. నాకు కబురు చేయడానికి వాళ్లకు ఎవరికీ చేతులు ఆడలేదు. రెండు మూడు రోజులు ఫోన్ కలవకపోతే కరెంటు లేదనుకున్నాను. చివరికి వాళ్ల నాన్నే చేశాడు.

"బిడ్డా, అయిపోయింది" అన్నాడు.

చిన్నబాపు మోటారు సైకిలు మీద కోరుట్లకు తీసుకుపోయాడు. దారిలో ఒకచోట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. బండి ఆపారు. చావు ఇంటికి పోతున్నామని చెప్పగానే ఒకాయన గంటె పక్కన పెట్టి, అందర్నీ జరిపి, బండి తోసి మరీ అవతలికి దాటించాడు.

మేం వెళ్లేసరికి మట్టి చేయడం అయిపోయింది. ఆడవాళ్ల గదిలో వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది.

"గా దేశం ముచ్చట చెప్పు బిడ్డా. రోజు ఫోన్ల నీతోని గదే మాట్లాడుతుండె. నాకేం సమజ్ గాకపోయేది."

"పొద్దున అన్నం తింటరు అమ్మీ" అన్నాను.

"పొద్దుగాలనే అన్నమా?"

"ఆ. రాత్రి మిగిలిన అన్నంల నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయిస్తరు."

"కారం వేస్తరా?"

"తక్కువ."

"అయ్యో" అందామె. "కారం లేంది దానికి ముద్ద దిగకపోయేది. ఎట్ల తింటుండెనో."

తన కూతురు అక్కడికి పోయే పిల్లల కోసమే రాస్తోందని, తను పోవడం లేదని ఆమెకు తెలుసు. నేను సరిదిద్దలేదు. వానల గురించి, బస్సుల గురించి చెప్పాను. నల్లా నీళ్లు తాగొచ్చంటే పక్కనున్న ఆడవాళ్లు కూడా తలలు తిప్పి విన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ల నాన్న నెమ్మదిగా అడిగాడు.

"చలి ఉంటదా బిడ్డా ఆడ?"

"పొద్దుమూకితే కొంచెం ఉంటది. ఊరు ఎత్తుమీద ఉంటది."

ఆయన తల ఊపాడు. "మంచి ఉన్ని గుడ్డ దెచ్చి కోటు కుడ్తుంటి" అన్నాడు. అప్పుడు ఏడ్చింది వాళ్లమ్మ.

మిగిలిన పని నేనొక్కదాన్నే పూర్తిచేశాను. ఆరోగ్యం భాగం సగంలో ఆగిపోయింది. తను రాసింది ముట్టుకోకుండా మిగతా సగం కింద కలిపాను. ఆఫీసువాళ్లు ఎవరి పేరూ లేకుండా వేశారు. వాళ్ల పద్ధతే అంత. అందులో ఏ వాక్యం తనదో ఇప్పటికీ నాకు తెలుస్తుంది. నా వాక్యాలు పొడుగ్గా ఉంటాయి.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక మళ్లీ కోరుట్ల పోయాను. బడులు తెరిచారు, వాళ్ల నాన్న పిల్లల యూనిఫారాలు కుడుతున్నాడు. చాయ్ తెప్పించాడు. ఇంట్లో వాళ్లమ్మ పక్కన పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఆమె వంట గురించి, ధరల గురించి, మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడింది. కూతురి మాట ఎత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మిషన్ మీద గుడ్డ కప్పి, బస్టాండు దాకా నడిచి వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మల్ల రా బిడ్డా. నువ్వొస్తెనే ఆమె నాలుగు మాటలు మాట్లాడుతది."

తర్వాత తెలంగాణ వచ్చింది. చిన్నబాపు ఆ రాత్రి ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, పెళ్లయింది, బాపు మగ్గం పని మానేశాడు. కోరుట్లకు మాత్రం పోతూనే ఉన్నాను. వాళ్లమ్మ బతికి ఉన్నన్నాళ్లూ పోయాను.