గంట్ల పెంకులు

మా మనవరాలు ప్రతి ఆదివారం సాయంత్రం కాఫీ తాగుతూ ఫోను ముందు పెట్టుకుని వారం పనులన్నీ సర్దుకుంటుంది. ఆఫీసు పనులకొక రంగు, ఇంటి పనులకొక రంగు, అయిపోయినదాని పక్కన టిక్కు పెట్టగానే ఆ వరుస దానంతట అదే కిందికి జారిపోతుంది. తొంభై దాటినదాన్ని, నాకింకేం పని, పక్కన కూర్చుని అదంతా చూడటం నాకొక సరదా. అయితే ఒక్క వరుసకు మాత్రం అది టిక్కూ పెట్టదు, కొట్టేయనూ కొట్టేయదు, బొటనవేలితో మెల్లగా వచ్చే వారానికి తోసేస్తుంది. అక్కడ "అవ్వ కన్ను" అని రాసి ఉంటుంది. నా ఎడమ కంట్లో శుక్లం ముదిరిందనీ ఆపరేషన్ చేయించమనీ డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఆఫీసులో ఊపిరి సలపడం లేదవ్వా అంటుంది, నేను ఊ కొడతాను. కానీ అది అట్లా తోసినప్పుడల్లా నాకు మా మామగారి చొక్కా జేబు గుర్తుకొస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా అత్త కొంగు దగ్గర మొదలుపెట్టాలి.

యుద్ధం ముగిసిన కొత్తల్లో, మనమింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనూ మా తాలూకాలేమో కర్నూలు జిల్లాలోనూ ఉన్న రోజుల్లో, గిద్దలూరు పక్క పల్లె నుంచి నేను మార్కాపురానికి కోడలిగా వచ్చాను. మా నాయనకు గొర్రెల మంద, కాస్త మెట్ట చేను ఉండేవి. అత్తవారింట్లో చేనూ గొడ్లూ కాక పలకల పని కూడా ఉండేది. గనుల నుంచి బండ్ల మీద వచ్చిన రాతిని పెరట్లోనే పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రాలు బిగించేవారు. మా ఈడువాళ్లు ఎక్కడ అఆలు దిద్దినా తమ పెరటి పలక మీదే దిద్ది ఉంటారని మామగారి ధీమా. ఆ ధీమాను ఆయన భోజనాల దగ్గర రోజూ వడ్డించేవారు, మేము వద్దనకుండా తినేవాళ్లం.

అంత సంసారాన్నీ నడిపింది మాత్రం అత్త. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఏ గేదె ఎప్పుడు ఈనుతుంది, విత్తనం సజ్జలు ఎవరింటి నుంచి తిరిగి రావాలి, కూలీలకు ఏ పూట సంకటి, ఏ పూట అన్నం, ఏ దేవుడికి ఏ మొక్కు బాకీ ఉంది, అన్నీ ఆమె తలలో ఉండేవి. తలలో పట్టనివి కొంగున ముడి పడేవి. కొంగున ముడి వేసుకోవడం మనలో ఎవరు చేయలేదు గాని, మా అత్త కొంగు ఒక గంపెడు సంసారం. గొడ్ల పనికి పెద్ద ముడి, మొక్కుకు బిగించిన చిన్న ముడి, చుట్టాల రాకకు జారు ముడి. పొద్దున స్నానం కాగానే, బొట్టు పెట్టుకోక ముందే, విడిచిన చీర ముడులన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ కట్టిన చీర కొంగుకు మార్చుకునేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ ఆమెను పలకరించేవారు కాదు, కొత్తల్లో అది కూడా ఒక పూజేమో అనుకున్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె రెండు కళ్లలోనూ శుక్లం కమ్మేసింది. వెలుగూ నీడా తప్ప మనిషి ఆనవాలు తెలిసేది కాదు. గుంటూరులో చూపిస్తే ఈ చలికాలం లోపల ఆపరేషన్ చేయించాలనీ, ఆలస్యమైతే చూపు తెప్పించడం తమ వల్ల కాదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆపరేషనంటే ఈ రోజుల్లోలాగా పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పన్నం తినడం కాదు. రెండు కళ్లకూ కట్లు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి పడుకోబెట్టేవారు. దానికి అత్త భయపడలేదు. ఆమె బెంగల్లా తను లేకపోతే ఇల్లేమైపోతుందోనని.

ఆ బెంగకు తగ్గట్టే ఒకటి జరిగింది. అత్తకు జ్వరమొచ్చి పొద్దున లేవలేని రోజున, ఆమె విడిచిన చీర ముడులతో సహా ఉతికే బట్టల్లో కలిసిపోయింది. మా బట్టలుతికే మనిషిని వరసకు వదినా అని పిలిచేదాన్ని, మహా జాగ్రత్త మనిషి, ముడి కింద మురికి పోదని ప్రతి ముడినీ గోళ్లతో ఓపిగ్గా విప్పి, బండ మీద బాది, గంజి పెట్టి, మడత నలగకుండా తెచ్చి ఇచ్చింది. జ్వరం తగ్గి లేచిన అత్త ఆ కొంగును చివరి దాకా తడిమింది. అంత శుభ్రమైన కొంగు ఆమె చేతికి ఎన్నడూ తగిలి ఉండదు. ఆమె ముఖంలో రంగు పోవడం చూసి వదిన, మరక ఉండిపోయిందేమోనని తనూ వంగి చూసింది పాపం.

ఆ వారమంతా ఇంట్లో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కనిగిరి నుంచి చుట్టాలు బండి కట్టుకుని దిగేసరికి దంచిన బియ్యం గింజ లేదు, ఈనే గేదె దగ్గర మనిషి లేడు, ఎండలో ఆరబెట్టమన్న ఆముదాలు గోతాల్లోనే ముక్కిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయాక అత్త వసారాలో కూర్చుని అందరికీ వినబడేటట్లు చెప్పేసింది. "నేనీడ ఉండంగానే ఇట్లయితే, గుంటూరు పోయి పండుకుంటే ఈ కొంప ఏమైతాది? నేను పోను. చూపు పోతే పోయింది." ఆ మాటకు నాకు దుఃఖం పొర్లుకొచ్చింది. తల్లి లేని నాకు తల దువ్వి జడ వేసిన చేతులవి. ఆమె కళ్లు అట్లా పోవడానికి వీల్లేదని నాలో నేనే పట్టుబట్టాను.

పలకల ఊళ్లో ఎవరికైనా మొదట తోచేదే నాకూ తోచింది. పెద్ద పలక ఒకటి వసారా స్తంభానికి కట్టి పనులన్నీ బలపంతో రాశాను. రాసింది అత్తకు కనబడదు, పాలేరుకు చదవను రాదు, సాయంత్రానికి పెయ్యదూడ వచ్చి మొత్తం నాకేసింది. మామగారు ఆ వేళంతా దూడను పేరు పెట్టి మరీ మెచ్చుకున్నారు. నాకు ఉక్రోషం వచ్చింది గాని, ఆ దూడ చెవి నిమురుతూ కూర్చున్నప్పుడే మా నాయన మంద గుర్తుకొచ్చింది. మా వైపు ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి గుర్తుగా చెవికి గంటు పెడతారు. మందలు కలిసిపోయిన చీకట్లో కూడా నాయన చెవి తడిమి అది ఎవరి గొర్రో చెప్పేవాడు. కళ్లతో పని లేదు.

పెరట్లో పగిలిన పలక పెంకులకు కొదవేముంది! అరచేతిలో ఇమిడేవి ఏరుకుని, ఆకురాయితో అంచులు రుద్ది, పనికొక గుర్తు పెట్టాను. గొడ్ల పనికి కొమ్ముల్లాగా రెండు మొనలు, పొయ్యి పనికి పక్కపక్కన చిన్న గంట్లు, చేను పనికి రంపపు పళ్లు. అత్త వేళ్లు వాటిని పట్టేయడానికి ఒక పూట కూడా పట్టలేదు. పైగా ఇది గొడ్డు కొమ్మా, మేక కొమ్మా అని వంకలు పెట్టి మళ్లీ రుద్దించింది.

వసారా గోడలో దీపాలు పెట్టే గూళ్లు మూడుండేవి. చేయవలసినవి ఎడమ గూట్లో, అయిపోయినవి కుడి గూట్లో. పని ఒప్పుకున్నవాడు ఆ పెంకు తనతోనే తీసుకుపోవాలి, పూర్తి కాకుండా సగంలో ఆగితే నడిమి గూట్లో పెట్టి ఎందుకాగిందో అత్తకు చెప్పాలి. పాలేరు తలపాగాలో, బట్టలుతికే వదిన రొంటిన, మా ఆయన బనీను కింద, ఎవరిని కదిపినా ఒక రాతి ముక్క బయటపడేది. ఒక్కొక్కరి దగ్గర ఒక్క పెంకే ఉండాలనేది అత్త పెట్టిన కట్టడి, రెండు పట్టుకున్నవాడు రెంటినీ పారేసుకుంటాడని ఆమె నమ్మకం. కొట్టం కప్పడం లాంటి పెద్ద పనులను ముక్కలు చేసి, పెంకులకు బెజ్జాలు వేసి, వరుస తప్పకుండా దారానికి గుచ్చాము. పైది విప్పితే గాని కిందిది రాదు.

అన్నీ కుదిరాయనుకున్నాక అత్త పరీక్ష పెట్టింది, తన మాట సాయం లేకుండా ఇల్లు వారం నడిస్తే గుంటూరు పోతానంది. ఆసుపత్రిలో కట్టినట్టే కళ్లకు గుడ్డ కట్టుకుని, వసారాలో మంచం వేయించుకుని, ఏమీ అడగకుండా వారమంతా పడుకుంది. సందెవేళ మాత్రం లేచి గూళ్లు తడిమేది. పాలు తోడుకున్నాయి, సజ్జలు తిరిగొచ్చాయి, కూలీలు తిని లేచారు. వారం చివరన కుడి గూట్లో పెంకులన్నీ ఒడిలో పోసుకుని తడిమి, ఒకటి లేదంది. ఒకే ఒక్క లోతైన గంటు ఉన్న పెంకు. గుంటూరుకు ఉత్తరం రాసి, రైలు స్టేషనుకు బండి మాట్లాడే పని అది.

ఇల్లంతా వెతికాము. అందరి రొంట్లూ తలపాగాలూ దులిపాము. చివరికి అత్తే, దూడను మెచ్చుకున్న పెద్దమనిషి జేబు చూడమంది. మామగారు చొక్కా జేబులోంచి పెంకు తీసి ఆమె ఒళ్లో పెట్టారు. ఆయన మరిచిపోలేదు. ఆయన తల్లికి ఊళ్లు తిరిగే కంటి వైద్యుడొకడు సూదితో పొర తీస్తానని ఉన్న చూపు కూడా పోగొట్టాడట. ఆయన నోట అప్పుడు వినేదాకా ఆ సంగతి మాకెవరికీ తెలియదు. అత్త ఆ గంటు మీద వేలు ఆనించి, ఆయనకు వినబడేటట్లు నాతో అంది. "నాకు లేని భయం ఆయనకేందే?" మామగారు కండువాతో ముఖం తుడుచుకుని, బండి మాట్లాడటానికి అప్పటికప్పుడే బయలుదేరారు.

ఆపరేషన్ బాగా జరిగింది. సోడాబుడ్డి కళ్లద్దాలతో అత్త తిరిగొచ్చి, బండి దిగుతూనే నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గూళ్ల దగ్గరికి పోయి పెంకులు చూసి, "ఏందమ్మాయ్, ఇంత వంకర పెంకులతోనా నా సంసారం నడిపినావు!" అని విరగబడి నవ్వింది. అయినా బతికినంత కాలం వాటిని కళ్లు మూసుకునే తడిమేది, చూస్తే తెలియడం లేదనేది. ఆ ఒంటి గంటు పెంకును మామగారు మళ్లీ గూట్లో వేయనివ్వలేదు, ఆయన జేబులోనే ఉండిపోయింది. ఆయన తర్వాత అది నా దగ్గరకొచ్చింది.

మొన్న ఆదివారం మనవరాలి బొటనవేలు ఆ వరుసను మళ్లీ తోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "నాకు లేని భయం నీకేందే?" అన్నాను. ఈ వయసులో నీకేమన్నా అయితే నేనేం చేయాలవ్వా అని నా భుజం మీద తల పెట్టేసింది. దాని ఫోను గొప్పదే, ఒక్క పనినీ మరిచిపోనివ్వదు, మా పెంకుల్లాగా మూటగట్టి మోయనక్కర్లేదు. కానీ ఆ అద్దం మీద అన్ని పనులూ ఒకే నునుపు, ఏది బరువో వేలికి తగలదు, ఎవరు దేనికి భయపడుతున్నారో పక్కనున్న మనిషికి తెలియదు. లేచి పెట్టెలోంచి మామగారి పెంకు తెచ్చి దాని అరచేతిలో పెట్టి, కథంతా చెప్పాను.

బుధవారం ఆసుపత్రికి పోతున్నాము. పెంకు దాని ఆఫీసు సంచీలో తిరుగుతోంది. పని అయ్యాక పెడదామంటే మాత్రం, ఈ ఫ్లాటు గోడలు ఎంత వెతికినా ఒక్క గూడు లేదు.