తమ్ముడికి నీళ్లివ్వని ఎండాకాలం

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, వద్దు వద్దనుకుంటూనే రెండు కొనుక్కుని, ఇంటికి మళ్లేముందు మందుల దుకాణంలో ఓఆర్ఎస్ అడిగాను. బయట పానీపూరీ తిని వచ్చిన మనవరాలికి రాత్రి నుంచి విరేచనాలు. కౌంటరు దగ్గరి అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఏ ఫ్లేవర్ కావాలని అడిగి, రంగురంగుల డబ్బా ఒకటి నా ముందు పెట్టాడు. కళ్లజోడు సర్దుకుని దాని వెనకున్న చీమతలకాయంత అక్షరాలు చదివి, ఇది పండ్లరసం లాంటిదేదో నాయనా, నాకు నీళ్లలో కలిపే పొడి పొట్లమే కావాలని అన్నాను. ఈ ముసలామెకు ఎంత తీరిక అన్నట్టు చూసి, కింది అరలోంచి తీసి ఇచ్చాడు. ఆ పొట్లం చేతికి వచ్చిందంటే చాలు, నాకు మా నాంపల్లి ఇల్లు, ఆ ఇంటి ఎండాకాలం గుర్తుకొచ్చి తీరతాయి.

అప్పట్లో మేము స్టేషన్ వెనక ఓ గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. మేము బాపు అని పిలిచే నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా, చిన్నాయన అబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. మా నల్లాలో తెల్లవారుజామున ముందు గాలి వచ్చేది, తర్వాత ఎర్రమట్టి వచ్చేది, ఆ తర్వాత దానికి బుద్ధి పుడితే నీళ్లు వచ్చేవి. నాయనమ్మ పాత ధోవతి గుడ్డను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి వడగట్టేది. గుడ్డమీద మిగిలిన నలకను నేను రోజూ పరీక్షగా చూసేదాన్ని. కంటికి కనిపించే నలక గుడ్డలో ఆగిపోతుంది సరే, కనిపించనిది ఏమవుతుందని అడిగితే నాయనమ్మ గుడ్డ దులిపి ఇంకో మడత పెట్టి కట్టేది. ప్రతిదానికీ ఎందుకు, ఎట్లా అని అడిగే నా జబ్బుకు మందు లేదని అమ్మ విసుక్కునేది.

ఆ ఏడాది నడి వేసవిలో మా మేనత్త నిశ్చితార్థం ఇంట్లోనే పెట్టుకున్నాం. పక్క గల్లీలో కామెర్లు తిరుగుతున్నాయని విన్న అమ్మ, పెళ్లివారికి పచ్చినీళ్లు ఇచ్చేది లేదని పట్టుబట్టి, పొగకు కళ్లు ఎర్రబడుతున్నా వదలకుండా గంగాళాల కొద్దీ నీళ్లు కాచి, చల్లార్చి, పైన తెల్లగుడ్డలు కట్టింది. అంతా బాగానే ఉంది కానీ, ఆ ఎండకు చల్లారిన నీళ్లు కూడా గోరువెచ్చగానే ఉన్నాయి. వియ్యాలవారికి వెచ్చటి షర్బత్ ఇస్తే పరువేం కావాలని చిన్నాయన మొజంజాహీ మార్కెట్ దగ్గరికి పోయి, ఊకలో పొర్లించి గోనెసంచిలో చుట్టిన ఐసు దిమ్మను రిక్షాలో పెళ్లికొడుకులాగా ఊరేగించుకుంటూ తెచ్చాడు. దాన్ని వాకిట్లో బకెట్టు నీళ్లతో కడిగి, మళ్లీ అదే గోనెలో చుట్టి రోకలితో దంచి, ముక్కలన్నీ కాచిన నీళ్ల గంగాళంలో పోసి, నిమ్మకాయలు పిండి చక్కెర కలిపాడు. అమ్మ అంత కష్టపడి చంపిన క్రిములకు బదులు కొత్తవాళ్లను రిక్షా ఎక్కించి తీసుకొచ్చామన్న ఆలోచన ఆ పూట ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్లందరూ రెండేసి గ్లాసులు తాగి మెచ్చుకున్నారు. మూడేళ్లు కూడా నిండని మా తమ్ముడైతే ఆ మధ్యాహ్నమంతా గంగాళం దగ్గరే కూర్చుని ఐసు ముక్కలు చప్పరించాడు.

మర్నాటి సంగతి నా తరం వాళ్లకు వివరించనక్కర్లేదు. మూడు వాటాలకు కలిపి ఒక్కటే పాయఖానా ఉన్న ఇల్లు. ఎవరి చెంబు ముందు పెట్టారు, ఎవరిది వెనక పెట్టారు అన్నది పెద్ద పంచాయితీ అయింది. వంటాయన గుత్తివంకాయలో నూనె మంచిది కాదని కొందరు, దిష్టి తగిలిందని కొందరు అన్నారు. పెళ్లికొడుకు ఇంట్లోనూ ఇదే వరస అని కబురు వచ్చేసరికి బాపు తల పట్టుకున్నాడు. అయితే పెద్దవాళ్లకు రెండు పూటల్లో సర్దుకుంది. తమ్ముడికి మాత్రం తగ్గలేదు.

ఇక్కడే మా ఇళ్లలో తరాలుగా నడిచిన పద్ధతి ఒకటి చెప్పాలి. బేదులు పట్టుకున్నవాళ్లకు నీళ్లు ఇవ్వకూడదు, అన్నం అసలే పెట్టకూడదు, పొట్ట ఎండితేనే కట్టుకుంటుందని పెద్దవాళ్ల నమ్మకం. నాయనమ్మ తాగేనీళ్ల కుండను వంటింట్లోంచి తన గదిలోకి మార్చి, తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంది. వాడు నీళ్లు అన్నప్పుడల్లా తడిగుడ్డతో పెదవులు మాత్రం అద్దేది. అమ్మ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అత్తగారి ముఖం చూసి వెనక్కి పోయేది. ఒకసారి మాత్రం ఆగి, "అత్తమ్మా, జరంత తడుపుత గొంతు" అన్నది. "వద్దు బిడ్డా, నా మాట ఇను, పోసినకొద్ది పోతది" అన్నది నాయనమ్మ. ఆ మాటలో కాఠిన్యం ఏమీ లేదు, అంటూనే తడిగుడ్డతో వాడి పెదవులు మళ్లీ అద్దింది. నేను తమ్ముడి ముఖమే చూస్తున్నాను. కళ్లు లోతుకు పోయాయి, నోరు తెరిచి ఏడుస్తున్నాడు, కానీ చెంపలు పొడిగా ఉన్నాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావట్లేదేమని నేను అడిగాను. ఎప్పుడూ నా ప్రశ్నలకు విసుక్కునే అమ్మ, ఆ ప్రశ్నకు మాత్రం గ్లాసు కింద పెట్టేసి, తమ్ముణ్ణి నాయనమ్మ ఒళ్లోంచి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి పరుగెత్తింది. వెనక నేను, నా వెనక నాయనమ్మ. ముగ్గురం రిక్షా ఎక్కి గన్‌ఫౌండ్రీ దాకా పోయాం.

అక్కడ మేడమెట్ల కింద చిన్న గదిలో ఒక డాక్టరమ్మ ఉండేది. ఆమె తమ్ముడి పొట్టమీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోకుండా మడత మడతగానే నిలబడి, మెల్లగా కిందికి దిగింది. ఇవాళ నీళ్లేమైనా ఇచ్చారా అని ఆమె అడిగింది.

"ఎట్లిస్తమమ్మా, పొట్ట ఎండితెనే గద ఆగేది" అన్నది నాయనమ్మ.

"కుండకు చిల్లు పడ్డదనుకో పెద్దమ్మా. పోసుడు బంద్ జేస్తె చిల్లు మూసుకుంటదా? ఉన్నది గూడ పోయి కుండ ఎండుతది."

ఇట్లా అంటూనే ఆమె కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలిపింది. తను నాలుకకు తాకించుకుని, కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదని చెప్పి, చెంచా అమ్మ చేతిలో పెట్టింది. మొదటి చెంచాలు వాడు కక్కేశాడు. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టమన్నది. చీకటి పడేలోపు ఒంటేలు పోయకపోతే పెద్ద దవాఖానకు తీసుకుపోయి సెలైన్ ఎక్కించాల్సిందేనని ముందే చెప్పింది. చెంచా తర్వాత చెంచా అమ్మ పోస్తూనే ఉంది. తమ్ముడు బతుకుతాడా లేదా అని నాకు ఆ గదిలోనే మొదటిసారి భయమేసింది.

ఆ భయం పోవడానికేమో, డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచి, ఎవరెవరు ఏం తిన్నారో అడిగింది. అది నాకు ఇష్టమైన పని. వంకాయ నాయనమ్మ కూడా తిన్నదని, ఆమెకేం కాలేదని చెప్పాను. ఎవరు ముట్టారో తెలియని ఐసు వేసిన షర్బత్ ఆమె తాగదు. బాపు కూడా బాగానే ఉన్నాడు, చాయ్ తప్ప వేరేది తాగని మనిషి. షర్బత్ తాగినవాళ్లే మంచమెక్కారని నేను లెక్క తేల్చేసరికి ఆమె నవ్వింది. ఐసులో క్రిములు చావవు, నిద్రపోతాయంతే, కడుపులోకి పోయాక లేస్తాయని చెప్పింది. మరి మందుబిళ్లలేవని అడిగాను. ఇట్లాంటివి చాలామటుకు వాటంతటవే తగ్గుతాయని, ఆ లోపల ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూడటమే అసలు మందని, రక్తం పడితేనో బిడ్డ తాగకుండా సోలిపోతేనో మాత్రం ఆలస్యం చేయొద్దని, ఆకలైతే పెరుగన్నం పెట్టవచ్చని నాయనమ్మ వైపు చూస్తూ చెప్పింది.

పొద్దు వాలుతుండగా తమ్ముడు అమ్మ చీర తడిపేశాడు. ఒక పసివాడు ఒంటేలు పోస్తే పెద్దవాళ్లు అంతగా సంబరపడటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అమ్మ నవ్వుతూ ఏడ్చింది. నాయనమ్మ మాత్రం బల్ల అంచున కూర్చుని డాక్టరమ్మను ఒక మాట అడిగింది.

"మా పెద్దోనికి గూడ గిట్లనే అయిందమ్మా, గత్తర వచ్చినప్పుడు. వీనంతనే ఉండె. నీళ్లు నీళ్లు అని నా కొంగు గుంజిండు. నేను ఇయ్యలె. ఇచ్చుంటె బతుకుతుండెనా?"

గత్తర అంటే కలరా అని నాకు తెలుసు. నాకొక పెదనాయన పుట్టి పోయాడన్న సంగతి మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. డాక్టరమ్మ చెంచా కడుగుతూ, "అప్పుడు మా డాక్టర్లే ఇయ్యొద్దనేటోళ్లు పెద్దమ్మా, నువ్వేం జేస్తవు" అన్నది. నాయనమ్మ "ఔ" అని, తమ్ముణ్ణి అందుకుని కొంగుతో వాడి కాళ్లు తుడిచింది.

పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తే ఆ మాట నిజమేనని తెలిసింది, డాక్టర్లు కూడా చాలాకాలం రోగుల కడుపు మాడ్చినవాళ్లే. కానీ నాయనమ్మ అడిగినదానికి అది జవాబు కాదని కూడా అప్పుడే అర్థమైంది. నాయనమ్మకు ఆనాడే అర్థమైంది కాబోలు. ఆ తర్వాత గల్లీలో ఏ ఇంట్లో పిల్లలకు బేదులన్నా, పిలవకపోయినా సరే, గ్లాసూ చెంచా పట్టుకుని పోయి, బిడ్డ పక్క తడిపేదాకా కదిలేది కాదు. ఆడపిల్ల కానీ మగపిల్లవాడు కానీ, ఒకటే పిలుపు, "తాగు పెద్దోడా, ఇంకొక్క చెంచా తాగు" అని.

ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ నీళ్ల మిషను ఉంది, పొట్లం ప్రతి దుకాణంలో దొరుకుతుంది, నీళ్లు దాచే నాయనమ్మలు ఎక్కడా లేరు. మంచిదే, అంతకంటే కావలసిందేముంది. కాకపోతే చెంచా పట్టుకుని పక్కింటికి పోయేవాళ్లు కూడా లేరు, ఆ అవసరమూ లేదు. ఆ గల్లీ పిల్లలు ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు అయ్యారు. ఎప్పుడైనా కలిస్తే మీ నాయనమ్మ ఉప్పు చక్కెర నీళ్లు తాగించేదని అందరూ తలుచుకుంటారు, తమను పెద్దోడా అని ఎందుకు పిలిచేదో వాళ్లలో ఒక్కరికీ తెలియదు.