గుంత మగ్గానికి రెండో అంతస్తు

2022 వానాకాలం. నారాయణపేటలో నేను వార్డు ఆఫీసర్‌ని. చెత్త, మురికి కాలువలు, ఇంటి పన్నులతో పాటు కూలిపోయేలా ఉన్న ఇళ్లను గుర్తించడం కూడా మా పనే. అలాంటి ఇంటికి డైలాపిడేటెడ్ నోటీసు, అంటే వెంటనే ఖాళీ చేయాలన్న హెచ్చరిక, అంటిస్తాం.

చీరలు నేసే చెన్నప్ప ఇంటికి అది అంటించినప్పుడు నాకు పెద్దగా బెంగ కలగలేదు. వెనుక గది మట్టిగోడ లోపలికి ఉబ్బింది, నిజమే. కానీ అప్పటికే ఆయనకు డ్రాలో, అంటే అందరి ముందూ చీటీలు తీసినప్పుడు, ఊరి చివర ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. తాళంచెవి చేతిలో ఉంది. అయినా కదలలేదు. మళ్లీ వెళ్లాను.

“కాకా, కొత్తిల్లు పెట్టుకొని గీ గోడ కింద ఎందుకుంటున్రు?”

చెన్నప్ప మగ్గం మీంచి తల ఎత్తలేదు. “నాది గుంత మగ్గం మేడం. ఇల్లేమో రెండో అంతస్తుల ఇచ్చిన్రు. గుంత యాడ తవ్వాలె? కింది ఇంటోళ్ల నెత్తి మీద కాళ్లు ఏలాడేసుకొని నెయ్యాల్నా?”

“గట్లనే నెయ్యి. ఆళ్లు ఫ్యాన్ అనుకుంటరు” అంది భార్య అనంతమ్మ.

నేల మీద కూర్చుని, గుంతలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం అది. నాకూ నవ్వొచ్చింది. అంతలో వెనుక గది కనిపించింది. ఉబ్బిన గోడ పక్కనే, వాసానికి చీర ఊయల. పురుటికి వచ్చిన కూతురి బిడ్డ అందులో నిద్రపోతోంది. ఇది రాస్తున్నప్పుడు నా పక్కన పడుకున్న మా పాపకు అప్పుడు అదే వయసు.

“మగ్గం సంగతి తర్వాత. ముందు ఆ ఊయల తియ్యున్రి.”

అనంతమ్మ నవ్వు ఆగిపోయింది. “ఇయ్యాల పిల్లను తీస్కపొమ్మంటరు, రేపు మగ్గం పీకేస్తరు. మాకు ఎరుక లేదా? గిదే మా బువ్వ.”

“మగ్గం ఉంటదో పోతదో నా చేతిల లేదమ్మా. రేపు మా ఇంజనీర్ ఏఈ సార్‌ను తోల్కొస్త, ఆయన చూసి చెప్తడు. పిల్లను మాత్రం ఇయ్యాల్నే పంపున్రి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెన్నప్ప గుంతలోంచి లేచి వెళ్లి తానే ఊయల ముడి విప్పాడు. సాయంత్రానికి అందరూ ఆటోలో కొత్తింటికి వెళ్లారు. ఆయన మాత్రం మగ్గం గదికి తాళం వేసి, లాగి చూసుకుని మరీ ఎక్కాడు.

మర్నాడు నేను, ఏఈ వెళ్లేసరికే రాత్రి వానకు వెనుక గోడ పడిపోయింది. ఊయల కట్టిన వాసం మట్టి కింద ఉంది. ముందున్న మగ్గం గది రాతి గోడలది, చెక్కుచెదరలేదు. ఏఈ చుట్టూ తిరిగి చూసి, ఆ ఒక్క గది ఉంచవచ్చని రాశారు. షరతు ఒకటే, రాత్రిపూట ఎవరూ అందులో పడుకోకూడదు.

ఇప్పుడు చెన్నప్ప పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకొని వచ్చి, నేసి, పొద్దుగూకాక వెళ్తాడు. “మీ లెక్కనే నాకు గూడ ఆఫీసైంది మేడం” అంటాడు.

మా సర్వేలో గదులెన్ని, నల్లా ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడుగుతాం. ఇంట్లో ఏ పని చేసుకుని బతుకుతున్నారని అడగం. ఇప్పుడు నేను అడుగుతున్నాను. కానీ అడిగేముందే నా కళ్లు ఊయల ఎక్కడ కట్టారో వెతుకుతాయి.