వెనక చక్రాల మీది చుక్కలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, కార్తీకం వెళ్లి పత్తి బండ్లు మార్కెట్ ముందు బారులు తీరిన రోజుల్లో, నేను వరంగల్‌లో ములుగు రోడ్డు మీది ఒక షెడ్డులో హెడ్ మెకానిక్‌గా ఉన్నాను. షెడ్డంటే రేకుల కొట్టమే గానీ అన్ని కంపెనీల కార్లూ వచ్చేవి. మా దగ్గర హోదాలు నాలుగు: హెల్పర్, మెకానిక్, హెడ్ మెకానిక్, ఆపైన సేట్. సేట్ పెట్టుబడి పెడతాడు, పానా పట్టడు. బండికి చేయాల్సిన పనులు జాబ్ కార్డు అనే కాగితం మీద రాస్తారు. పని ఎవరు చేసినా, చివర చూసి తాళం చెవి ఓనరు చేతిలో పెట్టేది హెడ్ మెకానిక్. ఆ తర్వాత బండికి ఏమైనా అయితే అడిగేది అతన్నే. పదకొండేళ్లు ఆ పని నాది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. అప్పటికి నాకు యాభై మూడేళ్లు, అక్షరం ముక్క రాదు. అంకెలు వచ్చు, పానాల మీద ఉండేవి అంకెలే కాబట్టి. కార్డు మీద ఏముందో మెకానిక్ యాకూబ్ చదివి చెప్పేవాడు. ఈ సంగతి యాకూబ్‌కు తెలుసు, సేట్‌కు తెలుసు. గిరాకీలకు తెలియదు. నేను తెలియనివ్వలేదు.

చదువు లేనివాణ్ణి కాబట్టి షెడ్డులో నా పద్ధతి ఒకటి పెట్టాను. విప్పిన చక్రాన్ని మళ్లీ ఎక్కించేటప్పుడు బిగింపు రెండుసార్లు ఉంటుంది. బండి జాకీ మీద ఉండగా మొదటిది, చక్రం ఊడి పడకుండా చేతితో తిప్పినంత. బండిని నేలకు దించి బరువు చక్రం మీద పడ్డాక రెండోది, టార్క్ పానాతో. ఎంత బిగించాలో అంకె పెడితే, అంతకు రాగానే టక్కుమనే పానా అది. ఆ టక్కు విన్నాకే బోల్టు తల మీద సన్న కుంచెతో పసుపు రంగు పెయింట్ చుక్క పెట్టాలి. చుక్క ఉంటే అయినట్టు, లేకుంటే కానట్టు. చదవాల్సిన పని లేదు. అన్నేళ్లలో ఆ చుక్క నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

తొర్రూరులో బోర్లు వేసే కాంట్రాక్టర్ రాజేందర్ ఆ రోజుల్లో ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు తెచ్చాడు. హైదరాబాద్‌లో కొన్నాడు. ఎనిమిదేళ్ల పాతది, మూడు చేతులు మారింది. రెండే తలుపులు, వెనక సీటు పేరుకు మాత్రమే. మనిషికి ముప్పై దాటాయి గానీ ఆ కారు చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయాలన్నాడు, సైలెన్సర్ మార్చాలన్నాడు.

"సౌండ్ ఊరంతా ఇనబడాలె మేస్త్రీ," అన్నాడు.

"ఊరికి ఇనబడుడు తర్వాత సంగతి. ముందు బండి ఆగాలె గద," అన్నాను.

పాత కారు, అందులో వేగంగా పోయే కారు కొన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అమ్మినవాడు చెప్పిన మాట లెక్కలోకి రాదు. కొన్న రోజే దానికి మొదటి రోజు. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్ అన్నీ తీసేయాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. పాతబడితే, గట్టిగా బ్రేకులు వేసినప్పుడు లోపల మరిగిపోయి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రాజేందర్ కారు టైర్ల మీది గాడులు లోతుగానే ఉన్నాయి గానీ, అంకెలు చూస్తే కారుతో పాటు పుట్టినవి. టైర్ల పక్క గోడల మీద సన్నటి పగుళ్లు. వంద దాటితే ఎప్పుడు పగులుతాయో చెప్పలేం. బ్రేక్ ప్యాడ్లు రూపాయి బిళ్ల మందమే ఉన్నాయి.

టైర్లు, బ్రేకుల పని ఒప్పుకున్నాడు. స్ప్రింగులు మాత్రం వద్దన్నాను. మన రోడ్ల మీద ప్రతి ఊరికీ నాలుగు స్పీడ్ బ్రేకర్లు, బండి కడుపు గీరుకుంటుందని చెప్పాను. వినలేదు. సేట్ కూడా గిరాకీ వైపే మాట్లాడాడు. వేశాం.

శుక్రవారం ఇస్తామన్నాం. ఆ రోజు పొద్దున నాలుగు చక్రాలూ బయటే ఉన్నాయి. మన మామూలు కార్లలో చాలావాటికి, చక్రం కూర్చునే హబ్ నుంచి స్టడ్లు, అంటే మరలున్న కడ్డీలు, బయటికి వస్తాయి, చక్రం వాటికి తగిలించి నట్లు బిగిస్తాం. ఈ కారుకు స్టడ్లు లేవు. బయటి నుంచి బోల్టు వేసి హబ్‌లోకి తిప్పాలి. చక్రానికి ఐదు, మొత్తం ఇరవై. ఆ పని యాకూబ్‌కు అప్పజెప్పి, ఇంకో బండి టెస్ట్ కోసం ఖిలా వరంగల్ దాకా పోయాను. దారిలో దాని క్లచ్ సతాయించి ఆలస్యమైంది.

నేను తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. రాజేందర్, అతని తల్లి బుచ్చమ్మ వచ్చి ఉన్నారు. పూజ కూడా అయిపోయింది. బానెట్ మీద కుంకుమ, కొబ్బరి చిప్పలు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొత్తగా కొన్న బండి మొదట మేడారం తల్లుల దగ్గరికే పోవాలని, బెల్లం సమర్పించాలని బుచ్చమ్మ మొక్కుకుందట. ఒకటిన్నర లోపల కదలాలని అయ్యగారు చెప్పాడని తొందర చేస్తోంది. యాకూబ్ జుమ్మా నమాజుకు పోయాడని హెల్పర్ చెప్పాడు. ప్రతి శుక్రవారం పోయేవాడే.

మామూలుగా అయితే తాళం చెవి ఇచ్చే ముందు నేను బండిని ఒక కిలోమీటరు నడిపి చూస్తాను. ఆ రోజు నడపలేదు. నిమ్మకాయలు పెట్టాక వాటి మీదుగా బండిని దాటించాల్సింది ఓనరు. నేను నడిపితే ఆమె పూజ చెడుతుంది. అందుకని కారు చుట్టూ తిరిగి చుక్కలు లెక్కపెట్టాను. ముందు ఐదు, ఐదు. వెనక ఐదు, ఐదు. ఇరవై.

వైపర్ కింద జాబ్ కార్డు మడిచి పెట్టి ఉంది. కింద యాకూబ్ చేతిరాత రెండు వరుసలు. రాజేందర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కార్డు విప్పి, చదివేవాళ్లు చూసినట్టే ఎడమ నుంచి కుడికి చూసి, తల ఊపి జేబులో పెట్టుకున్నాను.

"ఫికర్ లేదు గద మేస్త్రీ?" అన్నాడు.

"ఫికర్ లేదు. పోయిరా," అన్నాను.

నిమ్మకాయలు చితికాయి. కారు పోయింది. కొత్త సైలెన్సర్ మోత చౌరస్తా దాకా వినబడింది.

రెండు దాటాక యాకూబ్ వచ్చాడు. ఖాళీ జాగా చూసి, వెనక చక్రాలు ఎవరు బిగించారని అడిగాడు. చుక్కలున్నాయి కదా అన్నాను. ముందు రెండు చక్రాలకే తాను పెట్టానన్నాడు. అజాన్ వినబడగానే చెయ్యి కడుక్కున్నాడట. "కార్డు మీద రాసిన గద ఉస్తాద్," అన్నాడు. జేబులోంచి తీసి ఇచ్చాను. నాకు చదివి వినిపించాడు: 'ముందు రెండు అయినయ్. వెనక రెండు చేతి బిగింపే. జుమ్మా నుంచి వచ్చి చేస్త.'

అయితే ఆ పది చుక్కలు ఎవరివి? కారు నిలబడ్డ చోట, వెనక చక్రం దగ్గర ఒక తమలపాకు పడి ఉంది. దాని మీద నీళ్లతో కలిపిన పసుపు, ఇంకా తడి ఆరలేదు. యాకూబ్ వేలితో అద్ది చూశాడు. నల్లటి బోల్టు మీద, నిలబడి చూసేవాడికి అది పెయింటే.

రాజేందర్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆ సౌండ్‌లో ఫోన్ వినబడదని అప్పుడు తట్టింది. ఆరుసార్లు చేశాను. ఏడోసారీ అంతే. పస్రా దాటితే అడవి, అక్కడ సిగ్నలే ఉండదు. సేట్ జీపులో జాకీ, టార్క్ పానా పడేసి బయలుదేరాం. యాకూబ్ నడిపాడు.

చేతి బిగింపు బోల్టు వెంటనే ఊడదు. తిరిగిన కొద్దీ కొంచెం కొంచెం వదులవుతుంది. ఒకటి వదిలితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. ఎనభైలో పోతుండగా వెనక చక్రం ఊడితే ఆ కారు ఎటు తిరుగుతుందో నడిపేవాడి చేతిలో ఉండదు. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి దారి పొడవునా రోడ్డు అంచు, కల్వర్టులు చూస్తూ పోయాను. ప్రతి మలుపు దగ్గర జనం గుమిగూడి ఉంటారనిపించింది. ఒకచోట ఎదురుగా అంబులెన్స్ మోత పెట్టుకుని వరంగల్ వైపు పోయింది.

"వాళ్లు కాదు ఉస్తాద్," అన్నాడు యాకూబ్. కొంచెం దూరం పోయాక, "కాదనుకుందాం," అన్నాడు.

ములుగు దాటాక ఒక హోటల్ ముందు ఆపి అడిగాం. చాయ్ పోసే ఆమె నవ్వింది. "ఎర్ర కారేనా? స్పీడ్ బ్రేకర్ కాడ పాము లెక్క వంకరటింకర పోయిండు. ఎనక బస్సోడు తిట్టుడే తిట్టుడు. దాని మోతకు మా బర్రె తాడు తెంపుకున్నది." పోయి ఎంతసేపయిందంటే, ఇప్పుడే, పావుగంట అంది. అంటే మాకంటే ముప్పావు గంట ముందు బయలుదేరిన కారు పావుగంట దూరంలోనే ఉంది. కడుపు గీరుకోకుండా ప్రతి స్పీడ్ బ్రేకర్‌నూ అడ్డంగా, నత్తలా దాటిస్తున్నాడు. నేను వద్దని కొట్లాడిన స్ప్రింగులే ఆ కారును మెల్లగా నడిపిస్తున్నాయి. ఆ మాట నాకు నచ్చకపోయినా నిజం.

పస్రా దాటి అడవి మొదలైన చోట కనబడ్డారు. కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. బుచ్చమ్మ బెల్లం బుట్ట ఒళ్లో పెట్టుకుని కల్వర్టు గోడ మీద కూర్చుంది. రాజేందర్ నేల మీద పడుకుని సైలెన్సర్ కిందికి టార్చి కొట్టి చూస్తున్నాడు. వెనక టకటకమంటోందట, సైలెన్సర్ క్లాంపు వదిలిందనుకున్నాడట. మేం దగ్గరికి పోయేసరికి ఏమీ కనబడలేదని లేచి, తలుపు తీస్తున్నాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే మళ్లీ కదిలేవాడు.

నేను జీపు దిగి నేరుగా వెనక కుడి చక్రం దగ్గర కూర్చున్నాను. ఐదు బోల్టుల్లో ఒకటి లేదు. రెండు వేలితో పట్టి తిప్పితే తిరిగాయి. వేలికి పసుపు అంటింది. ఎడమ చక్రానికి ఐదూ ఉన్నాయి గానీ ఒక్కటీ గట్టిగా లేదు. కుడి చక్రం విప్పి చూస్తే బోల్టు కూర్చునే గుంతలు రెండు రాసుకుపోయి వెడల్పయ్యాయి. అలాంటి చక్రాన్ని ఎంత బిగించినా నమ్మకూడదు.

రాజేందర్‌కు అర్థమైంది. "మా అమ్మ ఉన్నది బండిల," అన్నాడు. గట్టిగా అనలేదు. "సూసినవ్ గదా మేస్త్రీ. చీటీ సదివి మరీ చెప్పినవ్."

యాకూబ్ తాను చెప్పకుండా పోవడం తప్పేనని ఏదో అనబోయాడు. ఆపాను. యాకూబ్ చేయాల్సింది చేశాడు, రాసి పెట్టి పోయాడు.

"నాకు సదువు రాదు రాజేందర్. సదివినట్టు సూసిన. తప్పు నాదే," అన్నాను.

యాభై మూడేళ్లలో పరాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. బుచ్చమ్మ లేచి వచ్చి నా వేలి మీది పసుపు చూసింది.

"ముందటి గిర్రలకు బొట్లు పెట్టి ఎనకటియి మర్సిపోయిన్రనుకున్న కొడుకా," అంది. "సగం పెట్టి ఇడిసిపెడితే మంచిది కాదని నేనే పెట్టిన."

ఆమె తప్పేమీ లేదు. బోల్టు మీద పసుపు రంగు చుక్క ఉంటే ఆ తల్లికి ఇంకేం అర్థమవుతుంది? ఆ చుక్కకు నా అర్థం ఒకటి పెట్టుకున్నాను, అది షెడ్డు బయట ఎవరికీ చెప్పలేదు.

కారు అక్కడి నుంచి నడపొద్దన్నాను. యాకూబ్ దాని దగ్గరే ఉండి, లాక్కెళ్లే బండి కోసం దారిన పోయేవాళ్లతో పస్రాకు కబురు పంపాడు. తల్లీకొడుకులను నేను జీపులో మేడారం తీసుకుపోయి, మొక్కు అయ్యాక రాత్రికి వరంగల్ తెచ్చాను. వస్తూ దారిలో జీపు లైట్ల వెలుగులో బోల్టు కోసం చూశాను. దొరకలేదు. కొత్త చక్రం, బోల్టులు షెడ్డే వేసింది. సేట్ నన్ను తిట్టాడు, పనిలోంచి తీయలేదు. తీసి ఉంటే న్యాయమే.

ఆ సోమవారం నుంచి షెడ్డులో చుక్కలు బంద్. బోల్టు తల మీది నుంచి చక్రం మీదికి ఒకటే గీత గీస్తాం. బోల్టు కదిలితే గీత విరిగి కనబడుతుంది. పసుపు, ఎరుపు, తెలుపు మూడూ పూజలో ఉంటాయి కాబట్టి గీత నీలం. గీత ఉన్నా సరే, తాళం చెవి ఇచ్చే ముందు ప్రతి బోల్టుకూ హెడ్ మెకానిక్ పానా పెట్టి చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక గిరాకీ వచ్చి మళ్లీ చూపించుకోవాలి. నిమ్మకాయలు పెట్టేది ఇవన్నీ అయ్యాకనే.

నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా అప్పుడే. మధ్యాహ్నం అన్నం తిన్నాక యాకూబ్ అరగంట నేర్పేవాడు. వేరే పుస్తకం లేదు, పాత జాబ్ కార్డులే. ముందు, వెనక, ఎడమ, కుడి, అయినయ్, కాలేదు. ఈ ఆరు మాటలు రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. తర్వాతి సర్వీసుకు రాజేందర్ మా దగ్గరికే వచ్చాడు. బండి తీసుకునేటప్పుడు కార్డు నా చేతిలో పెట్టి, "పైకి సదువు మేస్త్రీ, నేను ఇంట," అన్నాడు. ఎగతాళో, మామూలుగా అన్నాడో తెలియదు. చదివాను. ఒక మాట దగ్గర ఆగాను, అతను ఆగాడు. మొత్తం చదివాకే తాళం చెవి ఇచ్చాను.

పాత కారు కొన్నవాళ్లు సైలెన్సర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. చక్రాలు విప్పిన చోట, బిగించింది ఎవరో, చూసింది ఎవరో రెండు పేర్లు అడగండి. ఇక మెకానిక్‌లకు: గుర్తును చూసి తాళం చెవి ఇవ్వొద్దు, పానా పెట్టి ఇవ్వండి. చేతికి వచ్చిన కాగితం చదవడం రాకపోతే, రాదని అక్కడే చెప్పండి. నేను ఆ మాట డెబ్బై కిలోమీటర్లు ఆలస్యంగా చెప్పాను.