తిప్పి చూడని ఇరుసు

కరోనా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన ఏడాది. ఆత్మకూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, లోహాలు ఏ నీటిలో ఎలా తుప్పు పడతాయో పరిశీలిస్తుండేదాన్ని. దుత్తలూరు నుంచి మాలకొండయ్య ఒక స్టెయిన్‌లెస్ స్టీలు ఇరుసు, సీసాలో బావి నీళ్లు పట్టుకొచ్చాడు. బావుల్లో పూడిక తీయడం ఆయన పని. తొట్టిలో నిలబడి దిగుతారు. ఆ తొట్టిని మోసే గిలక ఈ ఇరుసు మీదే తిరగాలి.

"ఇనప ఇరుసులు తుప్పు పట్టి పోతాండాయి మేడమ్. మా ఉప్పునీళ్లకి ఇదన్నా నిలబడతాదా?"

ఒక ముక్క కోసి, ఆ నీళ్లలోనే ఉంచి పొటెన్షియోస్టాట్‌కు తగిలించాను. లోహానికీ నీటికీ మధ్య వోల్టేజీని తెర మీద గీతగా చూపే యంత్రమది. ఆ గీత పడిపోతే తుప్పు మొదలైనట్టు. పదిహేను రోజులూ గీత కదల్లేదు. "నిశ్చింతగా వాడుకోండి" అన్నాను, కాస్త గొప్పగానే.

కొన్ని నెలల తర్వాత పిల్లలకు చూపించడానికి, మిగిలిన ఆ ముక్కనే నీళ్లలో ఉంచి పింగాణీతో రుద్దాను. గీత ధడాలున పడిపోయింది. ఆపితే లేచింది. రుద్దితే మళ్లీ పడింది. ఈ స్టీలును కాపాడేది కంటికి కనపడని పలుచని పొర. రాపిడికి అది ఊడుతుంది, బయటపడ్డ లోహాన్ని నీరు తింటుంది. మళ్లీ పొర కడుతుంది, మళ్లీ ఊడుతుంది. బురద నీళ్లు కారే తాడు కింద, గిలకలో ఆ ఇరుసు రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది.

వెంటనే మాలకొండయ్యకు ఫోన్ చేస్తే ఆయన భార్య సుబ్బమ్మ ఎత్తింది.

"ఆయన బావిలోకి దిగుండాడు మేడమ్."

"గిలకతో పైకి లాగొద్దమ్మా! గోడ రాళ్లు పట్టుకుని ఎక్కి రమ్మను!"

"ఏంది మేడమ్, బాగుండాదని మీరే గదా చెప్పింది?"

"ముందు ఆయన్ని పిలువమ్మా!" అని అరిచాను. ఆమె కేకలు, ఆ తర్వాత ఆయన రొప్పు ఫోన్‌లో వినబడేదాకా నిలుచున్నచోటే ఉండిపోయాను.

మర్నాడు ఇరుసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎక్కడా తుప్పు మరక లేదు, తళతళలాడుతోంది. నడుమ మాత్రం పెన్సిలంత మిగిలింది. సుత్తితో నేను ఒక్క దెబ్బ వేస్తే రెండు ముక్కలైంది. తప్పు నాదేనన్నాను.

"నీళ్లలో పెట్టి చూసినారు. తిప్పి చూళ్లేదా మేడమ్?" అన్నాడాయన, కోపం లేకుండానే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఎవరు ఏ లోహం తెచ్చినా, నీటి సంగతి కంటే ముందు "ఇది ఏం పని చేస్తుంది?" అని అడుగుతాను. మొదట అడిగింది మాలకొండయ్యనే, ఆయన మరో ఇరుసు తెచ్చినప్పుడు.

"నన్ను మోస్తాది మేడమ్" అన్నాడు.