కోతలను కట్టి చూసిన టీచరమ్మ

ఇవాళ పొద్దున మా కుక్కరు కూత వేయకుండా చుట్టూ ఆవిరి కక్కింది. వంటగది నిండా మాడిన కందిపప్పు వాసన, దాని వెనకే వేడెక్కిన రబ్బరు వాసన. మా ఆవిడ సాగిపోయిన గ్యాస్కెట్టును ఊడబెరికి చెత్తబుట్టలో పడేసింది. నేను దాన్ని తీసి, కడిగి, రెండు చేతులతో లాగి చూస్తూ నిలబడ్డాను. "మళ్ళా మొదలుపెట్టినావా? ఇంక దాన్ని యాడ తగిలిస్తావు?" అంది. ఎక్కడా తగిలించను. తగిలించడానికి నాకింక పనేమీ మిగల్లేదు. కానీ రబ్బరు కనబడితే ఎంత సాగుతుందో చూడకుండా ఉండలేను. ఈ జబ్బు నాకు నాగరత్నమ్మ టీచర్ అంటించింది. ఆమె పోయాకైనా నయమవుతుందనుకున్నాను. ముదిరింది.

నాయుడుపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆమె సైన్సు చెప్పేది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు కిటికీ రెక్కలు అదిరేవి. అందరం బడి మేడ మీదికి పరిగెత్తేవాళ్ళం. ఆమె కూడా మా వెంటే వచ్చి, పొగ చారను చివరిదాకా చూసి, "సాలు, కిందికి రాండి. వాళ్ళ పని అయిపోయింది, మన పని అట్లే ఉండాది" అనేది. మన పని అంటే శనివారం మధ్యాహ్నం ప్రాజెక్టులు. వాటికి ఒకటే షరతు. అంగడిలో కొన్నది చెల్లదు. గొడుగు కడ్డీలు, పౌడరు డబ్బాలు, పంచరు వేసి వేసి విసిగిపోయిన సైకిల్ ట్యూబులు, ఏవైనా సరే ఇంట్లో నుంచే రావాలి. ఎవరైనా "ఇది మా అవ్వ గొడుగు టీచర్" అని చరిత్ర మొదలుపెడితే ఆపేసేది. "నిన్నటిదాకా గొడుగులేరా. రేపటి నుంచి ఏమయితాది, అది సెప్పు."

నేను అప్పటికే పేరుమోసిన కోతలోణ్ణి. నోరు తెరిస్తే అబద్ధం, మూస్తే దాని రెండో భాగం. మిగతా అయ్యవార్లు చెవి మెలిపెట్టేవాళ్ళు. ఆమె మాత్రం నా అబద్ధాలను సామాన్లు పెట్టి కట్టించేది. ఒకసారి తరగతిలో, పులికాట్ ఒడ్డున ఉండే మా మామ తెడ్డు విరిగిపోతే సంచి ముక్కు గూడబాతులను పన్నెండింటిని పడవకు కట్టి ఒడ్డుకు వచ్చాడని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"దేంతో కట్టినాడురా?"

"వలతాడుతో టీచర్."

"మెడకా, రెక్కలకా?"

నేను అంతదూరం ఆలోచించలేదు. "మెడకే" అన్నాను.

"సరే. పన్నెండు సాలతాయో లేదో సూద్దాం. పడవ తీసుకరా."

పడవ అంటే నూనె డబ్బాను నిలువునా చీల్చి చేసింది. గూడబాతు బదులు సైకిల్ ట్యూబులో కోసిన సన్నటి పట్టీ. ముందు దానికి ఉప్పు పొట్లాలు వేలాడదీసి, ఎంత బరువుకు ఎంత సాగుతుందో గీతలు పెట్టించింది. తర్వాత బళ్ళో ఉన్న సిమెంటు తొట్టి నీళ్ళలో డబ్బాను తేల్చి, లోపల రాళ్ళు పేర్చి, ఆ పట్టీతో మెల్లగా లాగించింది. పట్టీ దాదాపు సాగనే లేదు. రాళ్ళు పెంచినా అంతే. అసలు పడవ బరువెంతో, పక్షి లాగుడెంతో ఇద్దరం సుద్దముక్క అరిగేదాకా బోర్డు మీద లెక్క వేశాం. చివరికి ఆమె చేతులు దులుపుకుని నా వైపు చాలా నిరాశగా చూసింది.

"రెండు సాలు కదరా, కోతలోడా. మిగతా పది ఏల దండగ?"

అబద్ధం చెప్పినందుకు కాదు, దుబారా చేసినందుకు తిట్లు తిన్న మొదటి మనిషిని నేనే అయివుంటాను. ఆ రోజు నుంచి నేను ఏ కోత కోసినా ముందు మనసులో కట్టి చూసుకునేవాణ్ణి. అట్లా అబద్ధాల వెంబడే పోయి పోయి ఫిజిక్సు లెక్చరర్నయ్యాను.

ఒకసారి మా అమ్మ బడికే వచ్చేసింది. "టీచరమ్మా, మావోడు పప్పుగుత్తి తెచ్చి ఈడ పెట్టినాడంట. పప్పు గరిటెతో ఎనుపుకుంటా ఉండా నేను" అని గుమ్మంలోనే అందుకుంది. మేం చేసిన క్రేనుకు పిడి ఆ పప్పుగుత్తే. టీచర్ ఆమెను దాని ముందుకు తెచ్చి, "తిప్పు సూద్దాం" అంది. అమ్మ తిప్పింది. ఇటుకల బుట్ట నేల విడిచి లేచింది. దించి మళ్ళీ తిప్పింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "పోనీలే, వీళ్ళ నాయనతో సెప్పి ఇంకోటి సేయిస్తా. దీనికి నూనె పెట్టండి, కిర్రుమంటాంది" అంది.

ఇదంతా తలుచుకుంటే సంతోషం కలగాలి. కలగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టినా మనసు శ్రీకాళహస్తిలోని ఆ మంచం దగ్గరికే పోయి ఆగుతుంది.

టీచర్ రిటైరై అక్కడే చెల్లెలు సుశీలమ్మ ఇంట్లో ఉంటుండగా ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. నేను ఆదివారాల్లో తిరుపతి నుంచి బస్సులో పోయేవాణ్ణి. ఆమె కోరింది ఒకటే. "నా నీళ్ళు నేను తాగాల."

"పిలిస్తే రానా అక్కా? యాల ఈ పంతం?" అనేది సుశీలమ్మ.

"పిలవాల కదా" అనేది టీచర్.

నేను ఒక చిన్న కుళాయి పట్టుకుపోయాను. ఎడమ చేత్తో తడిమి చూసింది. "కొన్నావా?" అని అడిగింది. పాత ఫిల్టరు నుంచి ఊడదీశానన్నాను. "మరి ఇంత నునుపేందిరా? నీళ్ళు మోసిన కుళాయికి లోపల పాచి ఉండాల" అని పక్కకు నెట్టేసింది. చివరికి ఆమె చెప్పినట్టే చేశాం. దోమతెర కర్రకు సీసా బోర్లించి వేలాడదీశాం. దానికో సన్నటి గొట్టం. కుళాయికి బదులు గొట్టాన్ని నొక్కి పట్టే బట్టల క్లిప్పు. ఎడమ చేతి బొటనవేలితో నొక్కితే క్లిప్పు నోరు తెరుచుకుని నీళ్ళు పెదవి దాకా వస్తాయి, వదిలితే ఆగుతాయి. ఖాళీ గిన్నె పెట్టి ఎన్నోసార్లు చూశాం. ఒక్క చుక్క ఎక్కువ రాలేదు. ఆమె కళ్ళు అప్పట్లో బడి తొట్టి దగ్గర వెలిగినట్టే వెలిగాయి.

తర్వాత గొట్టం నోట్లో పెట్టుకుని నొక్కింది. ఒక గుక్క. దగ్గు పట్టుకుంది. ఆగలేదు. ముఖం నల్లబడింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాం.

గొంతు కండరాలు పట్టు తప్పాయన్నాడు డాక్టరు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి, ఇక నోటి ద్వారా ఏదీ వద్దన్నాడు. "నేను సెంచాతో పోసినా దగ్గుతానే ఉన్నింది. నీ తప్పేం లేదప్పా" అంది సుశీలమ్మ. తప్పు నాది అయివుంటే బాగుండేది. గొట్టం ఓ అంగుళం తగ్గించేవాణ్ణి, క్లిప్పు మార్చేవాణ్ణి, సీసాను కిందికి దించేవాణ్ణి. మేం కట్టిన దాంట్లో దిద్దడానికి ఏమీ లేదు. ఆమె గొంతులోపలికి తీసుకుపోయి బిగించగల వస్తువు ఏ ఇంట్లోనూ లేదు.

తర్వాతి ఆదివారానికి ఆమె ముక్కులో గొట్టం ఉంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. సుశీలమ్మ తడిగుడ్డతో అద్దుతోంది. నేను మంచం పక్కన కూర్చుని నాకు తెలిసిన పని చేశాను.

"టీచర్, డాక్టరుతో మాట్లాడినా. గొంతు సరైపోతాదంట. వచ్చే నెలకంతా మీరే సెంబెత్తి తాగతారంట."

అని, ఆగాను. ఏ కండరమురా, దేంతో సరవుతాది, ఎట్లా? ఏదో ఒకటి అడుగుతుందని ఎదురుచూశాను. జవాబు నా దగ్గర లేదు. అయినా అడిగితే చాలనిపించింది. ఆమె నా ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తల ఊపి కళ్ళు మూసుకుంది. నమ్మిందో, నా మీద జాలిపడిందో తెలియదు. రెండింటిలో ఏది నిజమైనా నేను తట్టుకోలేను. ఆ నెల దాటకుండానే ఆమె పోయింది. చివరిదాకా ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు.

నేనిప్పటికీ తరగతిలో కోతలు కోస్తాను. నిద్రకు తూగే పిల్లలను లేపడానికి అంతకన్నా మంచి మందు లేదు. వాళ్ళు నవ్వుతారు. కొందరు నమ్ముతారు కూడా. ఒకమ్మాయి, "సార్, ఇది పరీక్షలో వస్తాదా?" అంటుంది. రాదంటే పెన్నుకు మూత పెట్టేస్తుంది. కథలో ఎక్కడో ఒకచోట, టీచర్ ఉంటే తప్పకుండా పట్టుకునే చోట, నా నోరు దానంతటదే ఆగిపోతుంది. సుద్దముక్క చేతిలో పట్టుకుని, వెనక బెంచీ దాకా చూస్తూ కాసేపు నిలబడతాను. ఎవరూ చెయ్యి ఎత్తరు. తర్వాత బోర్డు తుడుస్తాను.