జీతం లేని మూడేళ్లు

దరఖాస్తులో "ఇంతకు ముందు చేసిన పని" అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కోడలి కలం ఆగిపోయింది. కాసేపు ఆలోచించి "ఏమీ లేదు" అని రాసేసింది. ఏమీ లేదట! మంచం పట్టిన మామగారిని మూడేళ్లు చంటిబిడ్డలా సాకిన మనిషి రాయాల్సిన మాటేనా అది? వినేవాళ్లకి ఒళ్లు మండదూ!

మామగారు గడియారాలు బాగుచేసేవారు. పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. డాక్టరు ఒకటే చెప్పాడు: "ఒకేవైపు పడుకోనిస్తే వీపు పుండ్లు పడుతుంది. ఆ పుండ్లే మనిషిని మింగేస్తాయి." అంతే, ఆ రోజు నుంచి ఆమెకు మరో ధ్యాస లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, మడత అన్నది లేకుండా దుప్పటిని నాలుగు మూలలా లాగి దోపడం. మొదట్లో నడుం పట్టేసేది. మనిషిని ఎత్తకూడదని, కింద పరిచిన దుప్పటినే పట్టుకుని దొర్లించాలని తర్వాత తెలిసింది. ఎవరూ నేర్పలేదు, పడుతూ లేస్తూ తనే నేర్చుకుంది.

ఇప్పుడాయన కర్ర సాయంతో నడుస్తున్నారు. ఇంతలో ఆమె భర్త పనిచేసే కార్ఖానా మూతపడింది. రెండు వీధుల అవతల వృద్ధాశ్రమంలో ఆయా ఉద్యోగం ఖాళీగా ఉంది. అది దొరికితేనే కూతురి చదువు సాగేది.

ఆ "ఏమీ లేదు" చూసి ఇంట్లోవాళ్లు తలో మాట అందుకున్నారు.

"సేవ అని రాయి," అన్నాడు భర్త.

"సేవంటే పుణ్యం కోసం చేసేది. నాకంత తీరికెక్కడిది?"

"వెట్టిచాకిరీ అని రాయి వదినా, ఉన్నమాటేగా!" ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

"ఛీ, నోర్ముయ్! నన్నెవరైనా కట్టేసి చేయించారా?"

"వాలంటీర్ అని పెట్టమ్మా, స్టైల్‌గా ఉంటుంది," అంది కూతురు.

"పేర్లు పెట్టడానికి మాత్రం అందరూ ఉన్నారు! పక్క మార్చేటప్పుడు ఒక్కరైనా దుప్పటి రెండో అంచు పట్టారా?"

మామగారు కాగితం అందుకుని చదివి తిరిగిచ్చేశారు.

మర్నాడు ఆమె బయల్దేరుతుంటే ఆయన కూడా చెప్పులేసుకున్నారు. అక్కడి మెట్లెక్కలేరని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఆశ్రమంలో పెద్ద నర్సు దరఖాస్తు చూసి పెదవి విరిచింది. "అనుభవం లేదని మీరే రాశారు. ఇక్కడ లేవలేనివాళ్లు పద్దెనిమిది మంది. నేర్పుతూ కూర్చోడం నావల్ల కాదమ్మా."

"సరేనండీ," అని కోడలు లేచింది. బయటివాళ్లతో వాదించడం ఆమెకు చేతకాదు.

మామగారు లేవలేదు. కుడిచేత్తో చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టారు. పరాయివాళ్లెదుట బనీనుతో కూడా కనబడని మనిషి!

"అయ్యో మామయ్యా, ఏంటిది!"

ఆయన చొక్కా జార్చి, బనీను పైకి లాగి, పక్కకు తిరిగి నర్సుకు వీపు చూపించారు.

"మూడేళ్లు... మంచంలోనే ఉన్నానమ్మా," అన్నారు. మాట ఇంకా తడబడుతూనే ఉంది. "చూడండి... ఒక్క మచ్చ ఉందేమో."

నర్సు లేచి వచ్చింది. కళ్లద్దాలు సవరించుకుని మెడ నుంచి నడుం దాకా చూసింది. వెన్నుపూస వెంట వేలితో మెల్లగా తడిమింది.

"మూడేళ్లా?" అని రెండుసార్లు అడిగి, కోడలివైపు తిరిగింది. "ఎంతసేపటికోసారి తిప్పేదానివి?"

"రెండు గంటలకండీ. ఎండాకాలం ఇంకా ముందే. చెమట పడుతుంది కదా."

"సోమవారం పొద్దున్నే ఆరింటికి వచ్చెయ్," అంది నర్సు.

మామగారి కళ్లు తడిశాయి. "నిన్న అందరూ ఏవేవో అన్నారు. నాకేమో మాట తోచలేదు అమ్మాయీ," అన్నారు. "నన్ను బతికించావు. ఇన్నాళ్లూ ఆ ముక్క నీతో అనలేదు."

"ఊరుకోండి మామయ్యా," అంది కోడలు. "ముందా చెయ్యిటివ్వండి, చొక్కా తొడుగుతాను."